పిన్ని పచ్చళ్ల వెబ్‌సైట్‌ని చిన్న ఫోన్‌కి సర్దిన తీరు

మొన్న వేసవిలో ఆవకాయ సీజన్ మంచి ఊపు మీదున్నప్పుడు, తెనాలిలో ఉండే మా పిన్నికి హైదరాబాద్ నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. "గోంగూర అరకిలోలు రెండు పంపండి, కిలో ప్యాకింగ్ మీ దగ్గర లేదు కదా" అంది. పిన్నికి అర్థం కాలేదు. కిలో డబ్బా ఉంది. అరకిలో 260, కిలో 490. అంటే రెండు అరకిలోలు కొనేకంటే కిలో డబ్బా 30 రూపాయలు తక్కువకే వస్తుంది. ఆవిడ ఫోన్ పెట్టేయగానే పిన్ని నాకు చేసింది. "ఏమే బుజ్జీ, కిలో ధర సైట్‌లో పెట్టలేదా నువ్వు?"

పెట్టాను. నా లాప్‌టాప్‌లో చక్కగా కనబడుతోంది కూడా. ఫోన్‌లో తెరిచి చూస్తే మాత్రం పచ్చడి పేరు, పావుకిలో, అరకిలో, అంతే. నాలుగో గడి తెర అవతలే ఉండిపోయింది. వేలితో లాగినా రావడం లేదు. ఆ సీజన్‌లో కిలో లేదనుకుని ఎంతమంది సర్దుకుపోయారో, ఎంతమంది అసలు ఆర్డరే ఇవ్వకుండా వెళ్లిపోయారో తెలుసుకునే దారి లేదు. పిన్ని మూడు గంటలకు లేచి మామిడికాయలు కొట్టించుకుంటుంటే, నేను పెట్టిన పేజీ ఆవిడ సరుకుని దాచేసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నేను ఐటీ ఉద్యోగిని కాను. గుంటూరులో ఒక ఆడిటర్ ఆఫీసులో లెక్కలు చూస్తాను. పేజీలో మాటలూ ఫొటోలూ పెట్టే హెచ్‌టీఎంఎల్, వాటి కొలతలూ అందం దిద్దే సీఎస్‌ఎస్ రాత్రిళ్లు కూర్చుని నేర్చుకున్నాను. ఆ తర్వాత రెండు వారాలు కూర్చుని ఆ సైట్‌ని చిన్న తెరకు సర్దాను. ఆ చేసిన పని, చేసిన వరసలోనే చెబుతాను. ఐదారు పేజీల సాదా సైట్ మీకూ ఉంటే ఇదే వరస పనికొస్తుంది.

ఒక మాట. కోడ్‌లోని పదాలన్నీ పలికే తీరులో తెలుగులోనే రాస్తున్నాను. ఎడిటర్‌లో మాత్రం వాటిని ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టాలి. నేను మధ్యలో అడ్డగీత పెట్టిన చోటల్లా మీరూ అడ్డగీత పెట్టాలి. ఉదాహరణకి మాక్స్-విడ్త్ అంటే రెండు మాటలూ, మధ్యలో గీత, ఎక్కడా ఖాళీ ఉండకూడదు. పిక్సెల్ అన్నచోట మాత్రం px అని అంకెకి అతికించి, ఇమేజ్ ట్యాగ్ అన్నచోట img అని కొట్టాలి.

వ్యూపోర్ట్ లైను

మొట్టమొదట హెచ్‌టీఎంఎల్ ఫైల్ తెరిచి, హెడ్ భాగంలో వ్యూపోర్ట్ లైను ఉందో లేదో చూడండి. అది ఒక మెటా ట్యాగ్, అంటే పేజీ గురించి బ్రౌజర్‌కి చెప్పే లైను. దానికి నేమ్ "వ్యూపోర్ట్", కంటెంట్ "విడ్త్=డివైస్-విడ్త్, ఇనిషియల్-స్కేల్=1". ఇది లేకపోతే కింద చెప్పేవేవీ పనిచేయవు.

ఎందుకో తెలిస్తే ఇక మర్చిపోరు. 2007లో ఐఫోన్ వచ్చేనాటికి వెబ్‌సైట్లన్నీ కంప్యూటర్ కోసం కట్టినవే. వాటిని అరచేతి తెర మీద చూపించడానికి ఆపిల్ వాళ్ల సఫారీ ఒక ఉపాయం చేసింది. తెర వెడల్పు 980 పిక్సెళ్లు అనుకుని పేజీని పరిచి, ఆ మొత్తాన్ని కుదించి చూపించింది. తర్వాత వచ్చిన ఆండ్రాయిడ్ బ్రౌజర్లూ అదే అలవాటు పట్టాయి. మీ ఫోన్ తెర 360 పిక్సెళ్లు అనుకుంటే, 980ని అందులో ఇరికించాక 16 పిక్సెళ్ల అక్షరం దాదాపు 6 పిక్సెళ్లకు పడిపోతుంది. నా సైట్ మొదటి రోజుల్లో అలాగే ఉండేది. చూసినవాళ్లందరూ రెండు వేళ్లతో సాగదీసుకుని చదివేవాళ్లు. "ఈ ఫోన్ అసలు వెడల్పు ఎంతో అంతే అనుకో, కుదించకు" అని బ్రౌజర్‌కి చెప్పేదే ఈ వ్యూపోర్ట్ లైను.

ఇక్కడ చాలామందికి ఒక అనుమానం వస్తుంది. ఫోన్ డబ్బా మీద 1080 అని ఉంటే ఈ 360 ఎక్కడిది? తెర మీది చుక్కలు వేరు, సీఎస్‌ఎస్ పిక్సెళ్లు వేరు. అలాంటి ఫోన్‌లో అడ్డంగా మూడు చుక్కలు కలిపి ఒక సీఎస్‌ఎస్ పిక్సెల్‌గా లెక్క. మనం రాసే కొలతలన్నీ ఆ 360 లెక్కలోనే.

అదే లైనులో "యూజర్-స్కేలబుల్=నో" అని ఎవరైనా రాసి పెట్టి ఉంటే తీసేయండి. అది వేళ్లతో పెద్దది చేసుకోకుండా ఆపుతుంది. చత్వారం ఉన్నవాళ్లు పచ్చడి ధర చదువుకునే దారిని మనం మూసేయకూడదు.

పాడుచేసింది ఎక్కడో వెతకడం

వ్యూపోర్ట్ లైను పెట్టాక ఒక ప్రయోగం చేయండి. సీఎస్‌ఎస్ ఫైల్‌ని పిలిచే లింకు లైనుని కామెంట్‌లో పెట్టి, అంటే బ్రౌజర్ పట్టించుకోకుండా చేసి, పేజీని ఫోన్‌లో తెరవండి. అందం ఉండదు గానీ, అక్షరాలన్నీ తెరలోనే ఉంటాయి. పేరాలు తెర అంచుకి రాగానే కింద వరసలోకి దిగుతాయి. పెద్ద ఫొటోలు తప్ప ఏదీ బయటికి పోదు.

నా ఆలోచన మారింది ఇక్కడే. అప్పటిదాకా సైట్‌ని ఫోన్‌కి సర్దడమంటే ఏదో కొత్తది నేర్చుకుని చేర్చాలనుకున్నాను. నిజానికి హెచ్‌టీఎంఎల్ చీర లాంటిది, ఎవరు కట్టుకున్నా సరిపోతుంది. రవికకి మాత్రం కొలత ఇచ్చి కుట్టించాలి. నేను నా లాప్‌టాప్ కొలతకి రవిక కుట్టి, దాన్నే అందరికీ తొడగబోయాను. కాబట్టి మొదటి పని కొత్త కోడ్ రాయడం కాదు, మనం బిగించిన కుట్లు విప్పడం.

సీఎస్‌ఎస్ ఫైల్‌లో కంట్రోల్, ఎఫ్ నొక్కి "విడ్త్" అని వెతకండి. నా ఫైల్‌లో 23 చోట్ల దొరికింది. ఒక్కొక్కటే తీసి చూసుకుంటూ పోయాను. 17 చోట్ల తీసేసినా ఏమీ పాడవలేదు. ఆ కొలతలు నేనెందుకు రాశానో నాకే గుర్తు లేదు. మిగిలిన వాటిలో ముఖ్యమైనది పేజీ మొత్తాన్ని పట్టుకున్న డివ్, అంటే అన్నిటినీ లోపల పెట్టుకున్న డబ్బా. దానికి "విడ్త్: 960 పిక్సెల్" అని ఉంది. దాన్ని "మాక్స్-విడ్త్: 960 పిక్సెల్"గా మార్చాను. ఇక పెద్ద తెర మీద 960కి మించదు, చిన్న తెర మీద తెరంతే ఉంటుంది. మధ్యలోకి రావడానికి "మార్జిన్: 0 ఆటో", తెర అంచుకి అక్షరాలు అతుక్కోకుండా పక్కల 16 పిక్సెళ్ల ప్యాడింగ్.

"హైట్" కూడా వెతకండి. బటన్లకీ, డబ్బాలకీ ఎత్తు బిగిస్తే ఏమవుతుందో తెలుగు దగ్గర చెబుతాను.

తర్వాత ఆర్డర్ ఫారం. అందులో పేరు, చిరునామా గడులకు "విడ్త్: 100%" అని రాసి, లోపల 12 పిక్సెళ్ల ప్యాడింగ్, చుట్టూ 1 పిక్సెల్ గీత పెట్టాను. వందకి వంద ఇచ్చాను కదా, తెర దాటదనుకున్నాను. కానీ సీఎస్‌ఎస్ మామూలు లెక్కలో ఆ 100% లోపలి భాగానికి మాత్రమే. ప్యాడింగ్ రెండు పక్కలా 24, గీతలు 2, మొత్తం 26 పిక్సెళ్లు అదనంగా బయటికి పోయాయి. దీనికి మందు ఫైల్ మొదట్లో ఒక్క రూలు: నక్షత్రం గుర్తు పెట్టి, దాని లోపల "బాక్స్-సైజింగ్: బోర్డర్-బాక్స్". అప్పట్నుంచి మనం ఇచ్చిన వెడల్పులోనే ప్యాడింగ్, గీత అన్నీ లెక్కకి వస్తాయి. ఇప్పుడు ఏ కొత్త ఫైల్ మొదలుపెట్టినా ఈ లైనుతోనే మొదలుపెడతాను.

ఇంత చేశాక కూడా పేజీ అడ్డంగా కదులుతోందంటే, ఏదో ఒకటి బయటికి పొడుచుకొచ్చిందని అర్థం. అదేదో పట్టుకోవడానికి మళ్లీ నక్షత్రం గుర్తుకే "అవుట్‌లైన్: 1 పిక్సెల్ సాలిడ్ రెడ్" ఇవ్వండి. పేజీలోని ప్రతి డబ్బా చుట్టూ ఎర్రగీత వస్తుంది, తెర దాటినదేదో కంటికి దొరుకుతుంది. బోర్డర్ వాడకండి. అది చోటు తీసుకుని కొలతల్ని మారుస్తుంది. అవుట్‌లైన్ అలా చేయదు. పని అయ్యాక ఆ లైను తీసేయడం మర్చిపోవద్దు.

కిలో ధరని దాచింది ఏమిటో ఇప్పుడు చెబుతాను. పేజీ అడ్డంగా కదులుతోందని, ఎక్కడో చూసిన సలహా పట్టుకుని, పేజీ మొత్తానికీ పైనుండే బాడీ ట్యాగ్‌కి "ఓవర్‌ఫ్లో-ఎక్స్: హిడెన్" పెట్టాను. కదలడం ఆగింది. పని అయిపోయిందనుకున్నాను. పొడుచుకొచ్చింది లోపలికి రాలేదు, కత్తిరించుకుపోయింది అంతే. మీ ఫైల్‌లో ఈ లైను ఉంటే ముందు దాన్ని తీసేసి, అసలు తప్పు బయటపడ్డాకే మిగతా పని చేయండి.

ధరల పట్టిక

నాకు ఎక్కువ రోజులు పట్టింది ఈ పట్టికే, కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను.

పాత పట్టిక కొలత ఇది: పేరుకి 160 పిక్సెళ్లు, మూడు ధరలకి తలా 90. మొత్తం 430. ఎడమ పక్క 10 ఖాళీ. 360 తెర మీద అరకిలో గడి సరిగ్గా 350 దగ్గర అయిపోతుంది. మిగిలిన 10 పిక్సెళ్లలో కిలో గడి అంచు మాత్రం పడుతుంది, అదీ తెల్లగా, ఎందుకంటే అంకె గడి మధ్యలో ఉంది. అందుకే అక్కడ ఇంకో గడి ఉందని చూసేవాళ్లకి అనుమానం కూడా రాలేదు. అంకె సగం తెగి కనబడినా ఎవరో ఒకరు ముందే చెప్పేవాళ్లు.

ఇలాంటి పట్టికకి మామూలుగా రెండు దారులు చెబుతారు. ఒకటి, పట్టికని ఒక డివ్‌లో పెట్టి దానికి "ఓవర్‌ఫ్లో-ఎక్స్: ఆటో" ఇవ్వడం. అప్పుడు పేజీ కదలదు, పట్టిక ఒక్కటే వేలితో పక్కకి జరుగుతుంది. రెండోది, చిన్న తెర మీద వరసలనీ గడులనీ "డిస్‌ప్లే: బ్లాక్" చేసి ఒక్కో పచ్చడినీ ఒక్కో కార్డులా నిలువుగా పేర్చడం.

రెండోది చేసి చూశాను. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కానీ మా పిన్ని దగ్గర కొనేవాళ్లు ఎలా చూస్తారో తెలుసు. అరకిలో వరస మీద పైనుంచి కిందికి కళ్లు పరిగెత్తించి, "గోంగూర ఇంత, మాగాయ ఇంత, పండుమిరప ఇంత" అని పోల్చుకుంటారు. కార్డులు చేస్తే ఆ పోలిక పోతుంది. తొమ్మిది పచ్చళ్లకి తొమ్మిది కార్డులు, కిందికి తోసుకుంటూ పోవాలి. పైగా డిస్‌ప్లే మార్చేస్తే, చూపు లేనివాళ్లకి పేజీ చదివి వినిపించే కొన్ని స్క్రీన్ రీడర్లకి అది పట్టిక అన్న సంగతే తెలియకపోవచ్చు. అందుకని అది వదిలేశాను.

చివరికి పట్టిక కుదిరింది సీఎస్‌ఎస్‌తో కాదు, మాటలు తగ్గించడంతో. ప్రతి గడిలోనూ "రూ. 260/-" అని రాసి ఉండేది. "ధరలు రూపాయల్లో" అని పైన ఒక్కసారి రాసి, గడిలో 260 మాత్రమే ఉంచాను. తలకట్టులో "250 గ్రాములు", "500 గ్రాములు", "1 కిలోగ్రాము" బదులు మనం నోటితో అనేదే పెట్టాను: పావు, అర, కిలో. ఇప్పుడు ఒక్కో ధర గడికి 60 పిక్సెళ్లు చాలు, మూడింటికీ 180. తెర 360లో పక్క ఖాళీలు 32 తీసేస్తే 328. అందులో 180 పోగా పేరుకి 148 మిగిలింది. పచ్చడి పేరు రెండు వరసలైనా ఇబ్బంది లేదు. నాలుగు గడులూ తెరలో పట్టాయి. ధరలన్నీ కుడివైపుకి జరిపాను, అంకెలు ఒకదాని కింద ఒకటి వస్తాయి కనుక పోల్చడం ఇంకా తేలిక.

కొరియర్ ఛార్జీల పట్టిక అలా కుదరలేదు. ఆంధ్రా, తెలంగాణ, బెంగళూరు, చెన్నై, మిగతా ఇండియా, అమెరికా అని ఆరు గడులు. దానికి పక్కకి జరిగే డివ్ పెట్టాను. ఫోన్‌లో స్క్రోల్‌బార్ కనబడదు కాబట్టి, జరపొచ్చని చూసేవాళ్లకి ఎలాగో తెలియాలి. గడుల వెడల్పు సర్ది, తెర అంచు దగ్గర ఒక గడి సగం తెగి కనబడేలా చేశాను. సగం కనబడే మాట మిగతా సగం ఉందని చెబుతుంది. పైన "పక్కకి జరిపి చూడండి" అని కూడా రాశాను.

ఫొటోలు

ఇది త్వరగా అయిపోయే పని. ఇమేజ్ ట్యాగ్‌కి "మాక్స్-విడ్త్: 100%", "హైట్: ఆటో" ఇస్తే ఫొటో దాని గూడు దాటదు, సాగిపోదు కూడా.

కానీ పట్టించుకోవాల్సింది బరువు. పిన్ని కొడుకు ఫోన్‌తో తీసిన ఫొటోలు 4000 పిక్సెళ్ల వెడల్పు, ఒక్కోటి 4 ఎంబీ. అలాంటివి తొమ్మిది, అంటే 36 ఎంబీ. తెర మీద అవి కనబడేది అరచేతి మందాన కూడా కాదు. పల్లెల్లో సిగ్నల్ రెండు గీతలున్న చోట ఆ పేజీ తెరుచుకునేలోపు ఎవరికైనా ఓపిక పోతుంది. స్క్వూష్ అనే సైట్‌లో వాటిని 800 పిక్సెళ్లకి తగ్గించి, వెబ్‌పీ అనే తక్కువ బరువు ఫొటో రకంలో దాచాను. తొమ్మిదీ కలిపి ఒక ఎంబీ లోపే వచ్చాయి. చుక్కలు ఎక్కువున్న తెర మీద కూడా ఆ సైజు చాలు.

ఇమేజ్ ట్యాగ్‌లో విడ్త్, హైట్ అంకెలు మాత్రం రాసి ఉంచండి. అవి ఉంటే ఫొటో రాకముందే బ్రౌజర్ దాని చోటు వదిలిపెడుతుంది. లేకపోతే చదువుతుండగా ఫొటో వచ్చి పడి అక్షరాలు కిందికి గెంటుకుపోతాయి. కింద ఉన్న ఫొటోలకి "లోడింగ్=లేజీ" పెడితే అక్కడికి వచ్చినప్పుడే దిగుతాయి. పైన కనబడే మొదటి ఫొటోకి పెట్టకండి, అది ఆలస్యమవుతుంది.

తెలుగు అక్షరాలకి కావలసిన చోటు

నేను చూసిన పాఠాలన్నీ ఇంగ్లీషు పేజీలతోనే చెప్పినవి. మన లిపికి చోటు కింద కూడా కావాలి, పైన కూడా కావాలి. "వెల్లుల్లి" అన్న మాటనే చూడండి. కింద రెండు ల వత్తులు, పైన గుడి. ఇంగ్లీషు శీర్షికలకి వాడే "లైన్-హైట్: 1.2" (ఒక్కో వరసకి ఇచ్చే ఎత్తు) పెడితే రెండు వరసల శీర్షికలో పై వరస వత్తు కింది వరస గుడికి తగులుతుంది. ఫోన్‌లో శీర్షికలన్నీ రెండు మూడు వరసలవుతాయి కనుక ఈ గొడవ ఫోన్‌లోనే ఎక్కువ. పేరాలకి 1.7, శీర్షికలకి 1.5 దగ్గర నాకు కుదిరింది. మీ ఫాంట్‌ని బట్టి కొంచెం అటూ ఇటూ.

ఎత్తు బిగించొద్దని చెప్పాను కదా. "ఆర్డర్ చేయండి" బటన్‌కి నేను "హైట్: 32 పిక్సెల్" పెట్టి, ఓవర్‌ఫ్లో హిడెన్ పెట్టాను. "ర్డ"లో కింది డ వత్తు సగానికి తెగిపోయింది. లాప్‌టాప్‌లో ఫాంట్ వేరు కాబట్టి అక్కడ కనబడలేదు. ఎత్తు తీసేసి, "మిన్-హైట్: 48 పిక్సెల్" పెట్టి పైనా కిందా ప్యాడింగ్ ఇచ్చాను. మాట రెండు వరసలైతే బటనే పెరుగుతుంది.

పొడుగు మాటలు ఇంకో సమస్య. బ్రౌజర్ వరస విరిచేది ఖాళీ ఉన్న చోట. మనం సమాసాలు కలిపి రాస్తాం. "పండుమిరపకాయపచ్చడి" అని ఒకే మాటగా రాసి పెద్ద అక్షరాల్లో పెడితే తెర దాటిపోతుంది. "ఓవర్‌ఫ్లో-ర్యాప్: బ్రేక్-వర్డ్" పెడితే దాటదు గానీ, "పండుమిరపకాయప" ఒక వరసలో, "చ్చడి" ఇంకో వరసలో పడొచ్చు. అది చదవడానికి కష్టం. ఆ రూలు రక్షణ కోసం ఉంచండి. మాటని మాత్రం మీరే సరైన చోట విడదీయండి. కలిపే రాయాలనుకుంటే "పండుమిరపకాయ" తర్వాత డబ్ల్యూబీఆర్ అనే ట్యాగ్ పెట్టండి. చోటు చాలనప్పుడు మాత్రమే అక్కడ విరుగుతుంది.

ఫాంట్ విషయంలో నా సలహా, పేరాలకి వేరే ఫాంట్ దింపకండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో నోటో సాన్స్ తెలుగు ముందే ఉంటుంది, అది చదవడానికి బాగుంటుంది. శీర్షికకి అందం కావాలంటే గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి లాంటివి ఉన్నాయి. మండలికి ఒకటే మందం ఉంది. దానికి బోల్డ్ ఇస్తే బ్రౌజర్ తనే అక్షరాన్ని మందం చేస్తుంది, లోపలి సున్నాలు పూడుకుపోతాయి. అలాంటి ఫాంట్‌కి "ఫాంట్-వెయిట్: నార్మల్" అని రాసేయండి. అక్షరం సైజు పేరాలకి 17 పిక్సెళ్ల కంటే తగ్గించకండి. వత్తులు చిన్నవి కదా, 14లో అవి చుక్కల్లా కనబడతాయి.

గ్రిడ్, ఆ తర్వాతే మీడియా క్వెరీ

ఇంతదాకా ఒక్క మీడియా క్వెరీ కూడా రాయలేదు. తెర వెడల్పుని బట్టి వేరే రూళ్లు పెట్టడాన్నే మీడియా క్వెరీ అంటారు. 2010 మే నెలలో ఈథన్ మార్కోట్ "ఎ లిస్ట్ అపార్ట్" పత్రికలో ఈ పద్ధతికి రెస్పాన్సివ్ అని పేరు పెడుతూ మూడు సంగతులు చెప్పాడు: వెడల్పుతో సాగే వరసలు, గూటికి ఒదిగే బొమ్మలు, మీడియా క్వెరీలు. నేర్చుకునేవాళ్లు చాలామంది మూడోదానితో మొదలుపెట్టి ఒక్కో ఫోన్‌కి ఒక్కో కొలత రాస్తూ పోతారు. నేనూ మొదట అదే చేశాను. ఫోన్లు ఎన్ని రకాలో, ఆ పని ఎప్పటికీ తీరదు.

పచ్చళ్ల ఫొటోల వరసకి గ్రిడ్ వాడాను. "డిస్‌ప్లే: గ్రిడ్", ఆపైన "గ్రిడ్-టెంప్లేట్-కాలమ్స్: రిపీట్(ఆటో-ఫిట్, మిన్‌మాక్స్(150 పిక్సెల్, 1ఎఫ్ఆర్))", "గ్యాప్: 12 పిక్సెల్". దీని అర్థం: ఒక్కో గడి కనీసం 150 ఉండాలి, ఎన్ని పడితే అన్ని పక్కపక్కన పెట్టు, మిగిలిన చోటు సమానంగా పంచు. 360 తెర మీద మనకున్నది 328. రెండు గడులు 300, మధ్య గ్యాప్ 12, మొత్తం 312, పట్టాయి. 320 తెర మీద ఉన్నది 288, రెండు పట్టవు, ఒక్కటే వస్తుంది. లాప్‌టాప్ మీద అయిదు వస్తాయి. ఏ ఫోన్ పేరూ రాయలేదు, లెక్క బ్రౌజరే చేసుకుంటుంది. 2017 నుంచి పెద్ద బ్రౌజర్లన్నిట్లో గ్రిడ్ ఉంది, ధైర్యంగా వాడొచ్చు.

పైన మెనూకి అయిదే లింకులు. వాటికోసం మూడు గీతల బటన్ పెట్టి లోపల దాచడం నాకు నచ్చలేదు. "డిస్‌ప్లే: ఫ్లెక్స్", "ఫ్లెక్స్-ర్యాప్: ర్యాప్" ఇచ్చాను. చోటు చాలకపోతే రెండో వరసలోకి దిగుతాయి, అంతే.

చివరికి ఒక్క మీడియా క్వెరీ మిగిలింది. మామూలు రూళ్లన్నీ ఫోన్ కోసమే రాసి, "@మీడియా (మిన్-విడ్త్: 700 పిక్సెల్)" లోపల మాత్రం పక్క పట్టీని పట్టిక పక్కకి తెచ్చాను. 700 ఎలా వచ్చిందంటే, బ్రౌజర్ కిటికీని మెల్లగా వెడల్పు చేస్తూ, పట్టిక మరీ సాగిపోయి అంకెకీ పేరుకీ దూరం పెరిగిపోయిన చోట ఆపి కొలత చూశాను. మీ పేజీకి అది 640 కావచ్చు, 800 కావచ్చు. పేజీ ఎక్కడ అడిగితే అక్కడ.

ఆర్డర్ ఫారంలో రెండు సంగతులు

గడుల్లో అక్షరం 16 పిక్సెళ్ల కంటే చిన్నదైతే ఐఫోన్‌లో ఆ గడిని తాకగానే పేజీ తనంతట తనే పెద్దదై పక్కకి జరిగిపోతుంది. డాలస్‌లో ఉన్న మా అక్క చెబితేగానీ నాకు తెలియలేదు, ఇంట్లో ఎవరికీ ఐఫోన్ లేదు. 16 చేశాను, ఆగిపోయింది. రెండోది, ఫోన్ నంబర్ గడికి టైప్ "టెల్", పిన్‌కోడ్ గడికి ఇన్‌పుట్‌మోడ్ "న్యూమరిక్" అని రాయండి. కీబోర్డ్ అంకెలతోనే తెరుచుకుంటుంది.

చూసుకోవడం

క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి, తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎమ్ కలిపి నొక్కితే ఫోన్ కొలతల్లో పేజీ కనబడుతుంది. వెడల్పు 320 పెట్టి మొదలుపెట్టండి. అందరికీ అందుబాటులో ఉండాల్సిన వెబ్ గురించిన డబ్ల్యూసీఏజీ నియమాల్లో కూడా, రెండు వైపులా జరపాల్సిన అవసరం లేకుండా పేజీ పట్టాల్సిన కొలత అదే. 1280 వెడల్పు తెరని నాలుగింతలు పెద్దది చేసి చూసేవాళ్లకి మిగిలే చోటు సరిగ్గా 320.

కానీ అది లాప్‌టాప్ ఫాంట్‌తో కనబడే ఫోన్ మాత్రమే. నిజం ఫోన్‌లో చూడకుండా పని అయిందనుకోకండి. లాప్‌టాప్‌లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఉంటే సైట్ ఫోల్డర్‌లో టెర్మినల్ తెరిచి "పైథాన్ -ఎమ్ హెచ్‌టీటీపీ.సర్వర్" అని కొట్టండి. అదే వైఫైలో ఉన్న ఫోన్ బ్రౌజర్‌లో లాప్‌టాప్ ఐపీ అడ్రస్ (ఆ వైఫైలో దాని నంబరు), రెండు చుక్కలు, 8000 కొడితే పేజీ వస్తుంది. మార్చిన వెంటనే రిఫ్రెష్ చేసి చూసుకోవచ్చు. ఇంట్లో ఉన్న పాత ఫోన్ కూడా తీయండి.

ఆ ఆదివారం తెనాలి వెళ్లి పిన్ని ఫోన్‌లోనే తెరిచాను. ఆవిడ ఫోన్‌లో అక్షరాలు అన్నిటికన్నా పెద్ద సైజుకి పెట్టుకుని ఉంది. రెండు బటన్లలో మాట రెండు వరసలైంది, కానీ ఎక్కడా తెగలేదు. పెరట్లో ఎండలో జాడీలు తుడుస్తూ, ఆ ఫోన్ పట్టుకుని, ధరల పట్టిక మీద వేలు పెట్టి పైనుంచి కిందికి మొత్తం చదివింది. సైట్ పెట్టి ఏడాది దాటింది, ఆవిడ ఆ పట్టికని పూర్తిగా చదవడం అదే మొదటిసారి. కిందికి వచ్చాక ఆగి, "మాగాయ అర 260 కాదే, 280. సంక్రాంతికే పెంచాం కదా" అంది. అక్కడే అరుగు మీద కూర్చుని మార్చాను.